ఏడు రోజులు తెరవకండి

మేడమీది గది, కిటికీ పక్కన
4వ తేదీ

వదినకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు. నా ఫోన్ మాత్రం బకెట్లో పడి చచ్చింది, బాగుచేసేవాడి కొట్టుకు తాళం వేసి ఉంది. ఒకందుకు మంచిదే. ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికి పోట్లాడుకుంటాం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

విషయం ఇది. ఈ అంటురోగంతో తొమ్మిది నెలలుగా మూతపడ్డ మా హోటల్ని వచ్చే ఒకటో తేదీన మళ్ళీ తెరుస్తున్నారు. రిసెప్షన్లో మేం ఐదుగురం ఉండేవాళ్ళం, ఇప్పుడు ఇద్దరు చాలంటున్నారు. ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి అందరం వెళ్తే మేనేజర్ చూసి ఇద్దర్ని ఎంచుకుంటాడు. హోటల్ వాళ్ళ కోట్లు కింది గదిలో చెమ్మకి బూజు పట్టిపోయాయట. అందుకని ఎవరి నల్లకోటు వాళ్ళే తెచ్చుకోవాలి. కోటు లేనివాళ్ళని కౌంటర్ వెనక నిలబడనివ్వరు. పదకొండేళ్ళు నేను నిలబడ్డ చోటు వదినా అది! పోతే ఈ వయసులో నాకింకో పని ఎవరిస్తారు?

కొత్తది కొనే స్తోమత లేదు. మా వీధి చివర పాత బట్టల కొట్టుకు వెళ్ళాను. గుమ్మం ముందు సుద్దముక్కతో గీసిన గుండ్రాల్లో గంటన్నర నిలబడ్డాను. లోపల మనిషికి పది నిమిషాలు. వేసుకుని చూసుకునే గది తెరని ముడేసి కట్టేశారు. ముట్టుకోకూడదు, వేలు పెట్టి చూపించాలి. చూపిస్తే కొట్టతను కర్రతో కోటు ఎత్తి పట్టుకుంటాడు, పాముని పట్టుకున్నట్టు. అలా కళ్ళతోనే కొని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తొడిగితే ఎడమచెయ్యి పట్టింది, కుడిచెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. తిరిగివ్వబోతే, "ఇంటి గాలి తగిలిన బట్ట వెనక్కి తీసుకోమమ్మా" అన్నాడు. తను అమ్మేవన్నీ ఎవరింటి గాలీ తగలకుండా ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు!

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు అమ్మవి కూడా కాదు, వదినవి. అందుకని నోరు తెరిచి అడుగుతున్నాను. నువ్వు పనిచేసే పాత బట్టల దుకాణంలో రోజూ వందల బట్టలు నీ చేతుల మీదుగానే పోతాయి కదా. ఒక్క నల్లకోటు చూసి పంపు. కాస్త అటూ ఇటూ అయినా అన్నయ్య సరిచేస్తాడు. ఇంట్లో దర్జీని పెట్టుకుని మనకేం లోటు?

అన్నట్టు, అన్నయ్య రెండు నెలలుగా ఒక్క ముక్క రాయలేదు. నేను గుర్తున్నానా అని అడుగు.

నీ ఆడపడుచు,
(అన్నయ్య పెట్టిన పేరుతో) గుండుసూది


దుకాణం వెనక గది
9వ తేదీ

ఆడపడుచు మహారాణి గారికి,

నీ ఉత్తరాన్ని మూడు రోజులు గుమ్మం పక్క డబ్బాలో ఉంచి ఇవాళ విప్పాను. నవ్వితే నవ్వుకో.

చదవగానే ఒళ్ళు మండింది. ఆ కొట్టు నుంచి తెచ్చిన కోటుని తెచ్చినట్టే తొడిగి చూశావా? ఉతక్కుండానా? బకెట్లో పడింది ఫోనా, నీ బుర్రా?

మా దగ్గర ఎలా చేస్తామో చెబుతాను విను. మూటలు రాగానే విప్పం. మూట మీద తేదీ రాసి వెనక రేకుల షెడ్డులో ఏడు రోజులు పడేస్తాం. ఆ తర్వాత వేడినీళ్ళు, సబ్బు, ఎండ, ఇస్త్రీ. అప్పుడు గాని నా బల్ల మీదికి రాదు. నువ్వు మళ్ళీ ఎక్కడైనా కోటు కొనబోతే, ఒంటి బట్టల మీదే ఆనించి చూసుకునేలా బిగుతుగా ఉండే పలచటివి వేసుకుని వెళ్ళు, నీ కొలతలు చీటీ మీద రాసి పట్టుకెళ్ళు, తెచ్చినదాన్ని సంచీతో సహా బయటే ఉంచు. మొహం ముట్టుకోకు. చేతులు కడుక్కో. మళ్ళీ కడుక్కో.

కోటు చూస్తాను. నీ భుజం, ఛాతీ, చెయ్యి పొడవు, నడుము కొలిచి రాయి. ఉజ్జాయింపుగా కాదు, టేపు పెట్టి.

మీ అన్నయ్య పనిలో మునిగి ఉన్నాడు. రాస్తాడులే.

మీ వదిన


మేడమీది గది
12వ తేదీ

వదినా,

కోటు అడిగితే సబ్బు పురాణం పంపావు. చదివి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను, సంతోషమేనా?

భుజం పదహారు, ఛాతీ ముప్ఫయ్యెనిమిది, చెయ్యి ఇరవై మూడు, నడుము ముప్ఫై నాలుగు. ఒక్కదాన్నీ టేపు పట్టుకుని అద్దం ముందు గిరగిరా తిరిగి కొలిచాను. నడుము దగ్గర ఒక అంగుళం అబద్ధం చెప్పాలనిపించింది, నీకు భయపడి చెప్పలేదు.

మా ఐదుగురిలో ముగ్గురికి కోట్లు దొరికేశాయట. వాళ్ళలో పొట్టమ్మాయి వాళ్ళాయన పెళ్ళికోటు సరిచేసుకుంటోంది. నాకు ఆయన లేడు, కోటూ లేదు. ఇక పంతొమ్మిది రోజులే ఉంది.

అన్నయ్య పనిలో మునిగి ఉన్నాడన్నావు. ఈ రోజుల్లో బట్టలు కుట్టించుకునేది ఎవరు వదినా? మనుషులు గడప దాటడమే లేదు. రెండు వాక్యాలు రాయడానికి తీరదా?

గుండుసూది


ఇంటి నుంచి
14వ తేదీ

అమ్మాయీ,

దొరికింది. ఉన్ని, దట్టమైన నలుపు, మెరుపు లేదు, మోకాలికి పైనే ఉంటుంది. నీ కొలత కన్నా ఒక సైజు పెద్దదే తీశాను, దానికో కారణం ఉంది. శుభ్రంగా మరిగే నీళ్ళలో వేసి తీశాను. పార్సిల్ వేరేగా వస్తోంది. వచ్చిన రోజు నుంచి ఏడు రోజులు బాల్కనీలో వేలాడదియ్యి, ముట్టుకోకు. పైన కాగితం అంటించాను, చూసుకో. దారిలో ఎన్ని చేతులు తగులుతాయో మనకేం తెలుసు?

ఒకటో తేదీకి బోలెడంత టైముంది. తొందరపడి విప్పావా, నా మీద ఒట్టే.

వదిన


మేడమీది గది
23వ తేదీ

వదిన గారికి,

నీ మాట ప్రకారం ఏడు రోజులు ఆగి ఇవాళ పొద్దున్న విప్పాను. కోటు కాదది, బొమ్మకు తొడిగే చొక్కా! ఉన్ని బట్టని మరిగే నీళ్ళలో వేస్తారా ఎవరైనా? దర్జీ పెళ్ళానివి, పన్నెండేళ్ళుగా బట్టల మధ్యే బతుకుతున్నావు. గుడ్డ అట్టముక్కలా బిగుసుకుపోయింది. చెయ్యి నా మోచేతి వరకు కూడా రాలేదు. ఒక సైజు పెద్దది తీశావట! మూడు సైజులు మింగేశాయి నీ వేడినీళ్ళు.

ఇక ఎనిమిది రోజులుంది. వాటిలో ఏడు నీ జాగ్రత్తకే పోతాయి. ఈ పిచ్చి జాగ్రత్తతో నువ్వు రోగం రాకుండా చూస్తున్నావో, నాకు బతుకు రాకుండా చూస్తున్నావో తెలియడం లేదు.

ఇన్నాళ్ళూ అడగలేదు, ఇప్పుడడుగుతున్నాను. అన్నయ్య నాకు రాయడం లేదా, నువ్వు రాయనివ్వడం లేదా? పోయినసారి వచ్చినప్పుడు నీకూ నాకూ మాటా మాటా వచ్చింది, నిజమే. దాన్ని మనసులో పెట్టుకుని నా అన్నయ్యని నాకు కాకుండా చేస్తే ఊరుకోను.

కోటు గురించి ఇంక శ్రమపడకు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి
25వ తేదీ

అమ్మాయీ,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్న వచ్చింది. డబ్బాలో పెట్టలేదు, గుమ్మంలోనే చింపి చదివాను. ఈ పార్సిల్ రాగానే విప్పు, ఇదే మొదట చెప్పాల్సిన మాట. విప్పి వేసుకుని ఒకటో తేదీన వెళ్ళు. షెడ్డులో ఏడు రోజులు ఉన్నదే, రెండు రోజులు మా మేడ మీద ఎండలో ఆరింది. నీళ్ళు చూపించలేదు. నిర్భయంగా వేసుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ అన్నయ్యకి ఆ జబ్బు వచ్చింది. నువ్వు ఉత్తరాలు లేవని అడుగుతున్న రెండు నెలలూ అదే. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, అందులో ఆరు రోజులు నన్ను అద్దం ఇవతల కూడా నిలబడనివ్వలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, గండం గడిచింది. కాని నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతాడు, పెన్ను పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది.

తెచ్చింది నేనే. దుకాణంలో ఒక స్వెట్టర్ శుభ్రంగా, కొత్తదానిలా కనిపించింది. చలికి తనకి బావుంటుందని అలాగే సంచీలో పెట్టుకుని తెచ్చాను, ఉతకలేదు. ఆ సాయంత్రమే వేసుకున్నాడు. ఐదో రోజు జ్వరం. డాక్టర్ చెప్పాడు, "గుడ్డల వల్ల అయ్యుండదమ్మా, గాలి వల్ల. దుకాణంలో మీ పక్కన దగ్గినవాళ్ళెవరూ లేరా?" అని. ఉన్నారు. ఎలా చూసినా మోసుకొచ్చింది నేనేగా? అప్పట్నుంచి ఏ బట్ట చేతికి తగిలినా నీళ్ళు మరగబెడుతున్నాను. నీ కోటు ఉన్ని అని నా వేళ్ళకు తెలుస్తూనే ఉంది. పెద్దది తీశాను కదా, కొంచెం ముడుచుకున్నా సరిపోతుందిలే అనుకుని తెలిసే వేశాను. నువ్వన్న మాటల్లో ఒక్కటీ తప్పు లేదు, ఆ చివరిది తప్ప.

నీకు చెప్పొద్దని మొదట అనుకున్నది నేను, మొహం చెల్లక. నీ మొదటి ఉత్తరం వచ్చాక మీ అన్నయ్యే వద్దన్నాడు. "దానికి తెలిస్తే బస్సెక్కి వచ్చేస్తుంది, ఒకటో తేదీ పోతుంది" అన్నాడు.

మొదటి కోటు వెళ్ళిపోయాక, మరగబెట్టిన సంగతి తనతో చెప్పాను. తల కొట్టుకున్నాడు. "ఇంకోటి తీసుకురా, ఈసారి నా చేతికివ్వు" అన్నాడు. ఇది అదే. నీ కొలతల చీటీ దిండు కింద పెట్టుకుని వారం రోజులు కుట్టాడు. నాలుగు కుట్లు వేసి ఆగుతాడు, ఊపిరి తీసుకుంటాడు, మళ్ళీ నాలుగు. నేను చేస్తానంటే సూది ఇవ్వలేదు. జబ్బు తగ్గాక తను పట్టిన మొదటి పని ఇదే.

పార్సిల్ మనిషి గుమ్మంలో తొందరపెడుతున్నాడు. కవరు కూడా లేదు, ఈ కాగితాన్ని కోటు మడతలోనే పెడుతున్నాను.

మీ వదిన


మేడమీది గది
4వ తేదీ

వదినా,

 కోపం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

పార్సిల్ 27న వచ్చింది. దాని పైన వేలెడంత ఎర్ర అక్షరాలు, నీ చేతిరాతే: "ఏడు రోజులు తెరవకండి."

ఉత్తరం వేరేగా వస్తుందని చూశాను, రాలేదు. నేను రాసిన మాటలకి నువ్వు అలిగావనుకున్నాను. అలిగి కూడా కోటు పంపిందే అని సిగ్గేసింది. కత్తెర రెండుసార్లు చేతిలోకి తీసుకుని రెండుసార్లూ కింద పెట్టేశాను. పుట్టి బుద్ధెరిగాక నీ మాట అడ్డం చెప్పకుండా విన్నది ఈ ఒక్కసారే వదినా. ఈ ఒక్కసారే!

ఒకటో తేదీన బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని వెళ్ళాను. మిగతా నలుగురూ కోట్లతో వచ్చారు. మేనేజర్, "మీ కోటు ఏదమ్మా?" అన్నాడు. "బాల్కనీలో ఉంది సార్" అన్నాను. "ఉంటే వేసుకురాలేదేం?" "ఇంకా ఏడు రోజులు కాలేదు సార్." వెంటనే పక్కనున్నావిడ వంక తిరిగాడు. పొట్టమ్మాయి, మొగుడి పెళ్ళికోటు చేతులు పైకి మడిచి వచ్చింది, ఆ పిల్లని తీసుకున్నారు. పదకొండేళ్ళు పనిచేశానన్న మొహమాటానికి నన్ను కింద దుప్పట్ల గదిలో వేశారు. కిటికీ లేని గది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దుప్పట్లు మడవడం, దిండు గలేబులు మడవడం. గెస్టు అన్నవాడి మొహం కనిపించదు.

ఇవాళ ఏడు రోజులు నిండాయి. విప్పాను. మడతలోంచి నీ కాగితం పడింది. రాగానే విప్పమని రాశావు.

నా అన్నయ్య చావు దాకా వెళ్ళొచ్చిన సంగతి వారం రోజులు నా బాల్కనీలో తాడుకి వేలాడింది. నేను దాని పక్కనే బట్టలు ఆరేసుకున్నాను, కాఫీ తాగాను. పైన వద్దని రాసి లోపల విప్పమని రాసేవాళ్ళని ఏమనాలి వదినా? లోకమంతా కాగితాలంటించి ఆ రోగాన్ని ఆపాలని చూస్తున్నావే, ఒక్క కాగితం అంటించకుండా ఉండలేకపోయావా?

కోటు ఒక్కసారి తొడిగి చూసుకున్నాను. ఎక్కడా నూలుపోగంత తేడా లేదు. వెంటనే విప్పేసి కొక్కేనికి తగిలించాను, ఒంటి మీద ఉంచుకోలేకపోయాను. స్వెట్టర్ సంగతి నీతో తర్వాత పోట్లాడతాను, అందులో నీ తప్పు లేదని చెప్పడానికి. ఇప్పుడు మాత్రం నేను బయల్దేరి వస్తున్నాను.

గుండుసూది


ఇంటి నుంచి
8వ తేదీ

అమ్మాయీ,

రాకు. నెల దాకా బయటివాళ్ళెవరినీ దగ్గరికి రానివ్వద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. చెల్లెలైనా సరే.

ఆ కాగితం నేనే అంటించానని గుర్తు కూడా లేదు. దుకాణంలో రోజుకి నలభై పార్సిళ్ళ మీద రాసి రాసి చెయ్యి దానంతటదే రాసేసింది. నిన్నట్నుంచి ఆ ఎర్ర పెన్ను చూస్తే విరిచి పారేయాలనిపిస్తోంది. విరిచేశాను కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు నీకింకొకటి చెప్పాలి. చెబితే తిడతావు, తిట్టు. నీ ఉత్తరం రాకముందు మొన్న మీ అన్నయ్య అడిగాడు, "కోటు సరిపోయిందటా?" అని. "ఆ" అన్నాను. "కౌంటర్ వెనక నిలబడిందా?" అన్నాడు. ఆ మొహం చూసి మళ్ళీ "ఆ" అనేశాను. తనే లేచి గోడ పట్టుకుని కుట్టుమెషిన్ దగ్గరకు నడిచి, దాని మీది గుడ్డ తీసి దులిపాడు. ఇన్ని నెలల్లో మంచం దిగి తనంతట తను చేసిన మొదటి పని అది. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఏ నోటితో చెప్పను?

నీ చేత్తో నాలుగు మాటలు రాయి, కౌంటర్లో ఉన్నట్టు. నన్ను తిట్టేది వేరే కాగితం మీద రాయి, దాన్ని తీసి దాచుకుంటాను.

వదిన


హోటల్ నుంచి
12వ తేదీ

అన్నయ్యకు,

జబ్బు చేసిందట, నాకు చెప్పనివ్వలేదట! నువ్వు లేచి తిరిగాక నీ పని చెబుతాను. ప్రస్తుతానికి బతికిపో.

కోటు వేసుకుని వెళ్ళగానే మా మేనేజర్ నోరు తెరిచాడు. వరసలో నిలబెట్టి చూడను కూడా చూడలేదు, "మీరు రండమ్మా" అని తిన్నగా కౌంటర్ వెనక్కి పంపాడు. ఇప్పుడు మా ముందు ఒక గాజు పలక పెట్టారు. దాని అవతల నుంచి గెస్టులు మాట్లాడితే సగం వినిపించదు, తలూపేస్తున్నాను. నిన్న పెద్ద పెట్టెతో ఒక పెద్దాయన వచ్చాడు. సంతకం చెయ్యడం మానేసి, "ఈ కోటు ఎక్కడ కుట్టించారు?" అని అడిగాడు. "మా అన్నయ్య కుట్టాడు" అన్నాను. ఎడమ జేబులో పెన్ను, కుడి జేబులో గది తాళాలు వేసుకుని, నడుస్తుంటే గలగలమంటూ దొరసానిలా తిరుగుతున్నాను. పొట్టమ్మాయి కుళ్ళి చస్తోంది.

వేళకు తిను, వదిన మాట విను. తను మరగబెట్టిన నీళ్ళే తాగు, ఎలాగూ ఎప్పుడూ మరుగుతూనే ఉంటాయిగా.

నీ గుండుసూది


ఇంటి నుంచి, మెషిన్ దగ్గర
21వ తేదీ

గుండుసూదీ,

రాత వంకరగా ఉంటే సర్దుకో. నిన్న సగం, ఇవాళ సగం రాస్తున్నాను. మీ వదిన దుకాణానికి వెళ్ళింది, వచ్చేలోపు పోస్టులో వెయ్యమని పక్కింటాయనకి ఇస్తాను.

కోటు దారిలో నలిగి ఆకారం పోకుండా రెండు జేబుల మూతులూ కచ్చాకుట్టుతో మూసేశాను. కుట్టేసిన జేబుల్లో తాళాలూ పెన్నూ ఎలా వేసుకున్నావే? ఆ గలగలలు ఎక్కడివి? కుట్టు విప్పుకుని ఉంటే, జేబులెందుకు మూశావని నాకో తిట్టు రాసేదానివే. నువ్వా కోటు వేసుకుని గుమ్మం కూడా దాటలేదు.

ఈ ఇంట్లో ఒక్కరూ నాకు నిజం చెప్పరు. నాకు పోయింది ఊపిరి, బుర్ర కాదు. మీ ఆడవాళ్ళిద్దరూ కలిసి నన్ను గాజుబొమ్మని చేసి అటక మీద పెడుతున్నారు. విసుగొస్తోంది.

మీ వదినకి మాత్రం నేను కనిపెట్టానని చెప్పకు. నన్ను నమ్మించగలిగానని కాస్త తేలిగ్గా తిరుగుతోంది. నిన్న మధ్యాహ్నం కూర్చున్న చోటే కునుకు తీసింది, పొయ్యి మీద నీళ్ళు లేకుండా. అది చూసి ఎన్నాళ్ళయిందో.

లోపలి వైపు దారం కొస వదిలాను, పట్టుకుని లాగితే వచ్చేస్తుంది, కత్తెర పెట్టకు. నిన్ను ఏ మూలన వేశారో ఉన్నదున్నట్టు రాయి. ఏ గదైనా సరే, రేపట్నుంచి దాన్ని వేసుకునే పనికి వెళ్ళు. వారం రోజులు కుట్టాను, కొక్కేనికి తగిలించుకోవడానికి కాదు.

అన్నయ్య